పెరటి సూర్యుడు

తొమ్మిదింటికే రేకుల కప్పు పెనంలా కాగుతుంది
హికిలిస్కో డయాలసిస్ గదిలో.
పక్కనున్న యంత్రం నా రక్తాన్ని ఉతికి, జాడించి
తడి ఆరకుండానే మళ్ళీ నాకు తొడుగుతుంది.

నర్సు నోయెమీ అరచెయ్యి చాపింది.
నారింజరంగు గుళిక, కందిగింజకి కాస్త పెద్దన్న.
"ఇది ఎండ" అంది.

నవ్వొచ్చింది.
ఇరవై రెండేళ్ళు చెరకు నరికినవాడికి
ఎండ మందిస్తావా తల్లీ?
తగలబెట్టిన తోటలో మోకాళ్ళ దాకా మసి,
నెత్తిన లెంపా లోయ మధ్యాహ్నం,
చొక్కా పిండితే ఉప్పు రాలేది.
నా కిడ్నీల్ని మేసింది ఆ ఎండేనని కొందరు,
చేలో చల్లిన మందని కొందరు.
నాకేం తెలుసు, మేసినవాడు పేరు చెప్పిపోలేదు.

ఆమె నవ్వలేదు.
సూది తీసిన చోట దూది నొక్కుతూ,
"ఎలియూతెరియో, ఒంటిమీద పడ్డ ఎండ
నరికి పోగేసిన చెరకు.
గానుగ ఆడితేనే బెల్లం.
నీ గానుగలు రెండూ నిలిచిపోయాయి.
ఇది ఎవరో ఆడించి, వండి తెచ్చిన బెల్లం.
పలుకంటే పలుకే."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు.
నాకు పెరటి సూర్యుడే పనికిరాకుండా పోయాడు.

రెండు నెలలకి బస్సు మెట్టు
ఎవరి భుజం పట్టుకోకుండా ఎక్కాను.
అక్కడే బుద్ధి గడ్డి తింది.
ఒకటి ఇంత చేస్తే రెండు ఎంత చెయ్యాలి?
కసిమీరో బండిమీద సీసా కూడా కొన్నాను,
బొమ్మలో సూర్యుడికి కండలున్నాయి.
గుండెలో మంటకి సుద్దబిళ్ళలు, అవీ అక్కడే.

నోట్లో రేకు నాకిన రుచి.
రోజుకి రెండు గ్లాసులే నీళ్ళు రాసిపెట్టిన మనిషికి
బావిని తాగేయాలన్న దాహం.
ఒళ్ళంతా దురద, కడుపు బిగదీసింది.
ఓ రాత్రి మా ఎర్మెలిందాని
ఏనాడో చచ్చిపోయిన గాడిద పేరుతో పిలిచానట.
తెల్లారేసరికి నన్ను ఆసుపత్రిలో దించింది,
ఆ పేరు మాత్రం ఇంకా మరిచిపోలేదు.

రక్తపు కాగితం చూసి నోయెమీ
"జేబులు బోర్లించు" అంది.
సీసా. సుద్దబిళ్ళల చుట్ట. నా దొంగలెక్క.
తిట్టుంటే బాగుండేది.
"సున్నం గోడకి కొట్టాలి, రక్తనాళానికి కాదు.
చెరకు తీపని వేళ్ళతో సహా నమిలావా ఎప్పుడైనా?"
డాక్టరొచ్చి గుళిక ఆపేశాడు,
కాల్షియం దిగేదాకా, వారం వారం సూదితో.

ఆ రోజుల్లో నేర్చుకున్నాను,
నా ఒంట్లో ఏముందో
నాకంటే ఆ చిన్న గాజుగొట్టానికి ఎక్కువ తెలుసని.
జున్ను లేని పుపుసా పుపుసా కాదనే మా ఇంట్లో
నా ఒక్కడికీ జున్ను లేకుండా కాల్చడం
ఎర్మెలిందా నేర్చుకుంది, గొణుగుతూనే.

గుళిక మళ్ళీ మొదలైంది, ఈసారి రోజు విడిచి రోజు.
తలుపు వెనక బొగ్గుతో గీతలు.

మొన్న వానకి వంతెన మునిగి
పొద్దుపోయి ఇల్లు చేరి, మందు మరిచి నిద్రపోయాను.
మర్నాటి వంతుకి డబ్బీ తీస్తే
వేళ్ళు రెండిటి మీదకి వెళ్ళాయి.
ఒకటి మళ్ళీ డబ్బీలో పడేశాను.
అస్తమించిన ఎండని ఎవడు తవ్వి తెస్తాడు?
గీతల మధ్య ఆ ఖాళీని ఖాళీగానే వదిలాను,
నోయెమీ అడిగితే చూపించడానికి.

ఇవాళ కసిమీరో బండి గంట వినపడింది.
"కొత్త సరుకు, ఎముకలకి ఇనుము!" అని కేక.
టోపీ పెట్టుకుని వెళ్ళాను.
కొనలేదు.
సీసాని ఎండకి అడ్డంగా పట్టుకుని
దానిమీది అక్షరాలు ఒక్కొక్కటే
నా అరచేతిలో గీసుకుంటుంటే
కసిమీరో అడిగాడు, "చదవడం ఎప్పుడు నేర్చావు?"
"నేర్వలేదు. శనివారం ఒకావిడ చదువుతుంది."